పేరు మార్పుకు సొలిసిటర్ తప్పనిసరి కాదండీ

బ్రిటిష్ సిటిజన్‌షిప్ వచ్చింది, కాగితాల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారయ్యాయి, సరిచేయడానికి సొలిసిటర్ (అంటే లాయర్) 200 పౌండ్లు అడుగుతున్నాడు అన్నారు కదా. ఆగండి, ఇంకా కట్టకండి.

ఇంగ్లండ్‌లో 16 ఏళ్లు నిండినవాళ్లు డీడ్ పోల్, అంటే పేరు మార్చుకున్నట్టు తెలిపే చట్టబద్ధ పత్రం, సొంతంగా రాసుకోవచ్చు. పాత పేరు వదిలేశాను, ఇకపై అన్నిటికీ ఈ కొత్త పేరే వాడతాను అనే వాక్యం గవర్నమెంట్ వెబ్‌సైట్‌లోనే ఉంది, అది తెల్లకాగితం మీద దింపి, పాత పేరుతో, కొత్త పేరుతో రెండు సంతకాలూ చేసి, 18 ఏళ్లు నిండిన ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించండి. సాక్షులు బంధువులు కాకపోతే మంచిది. ఒకటి కాదు, మూడు నాలుగు ఒరిజినల్స్ చేయండి, ఎందుకంటే పాస్‌పోర్ట్ వాళ్లకి, లైసెన్స్ వాళ్లకి ఒరిజినలే పోస్ట్‌లో పంపాలి, ఒక్కటే ఉంటే అది తిరిగొచ్చేదాకా మిగతా పనులన్నీ ఆగిపోతాయి.

ఆ పత్రాన్ని లండన్‌లోని రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ అనే కోర్టులో ఎన్‌రోల్ (నమోదు) చేయించే పద్ధతి కూడా ఉంది, కానీ అలా చేస్తే మీ పేరు మార్పు పబ్లిక్ రికార్డులోకి ఎక్కుతుంది. బ్యాంకు డీడ్ పోల్ సర్టిఫైడ్ కాపీ అడిగితే అప్పుడు ఆ ఒక్క పనికి సొలిసిటర్ దగ్గరికి వెళ్లండి, చాలు.

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇండియా ఇచ్చే కార్డు) ఉంటే, కొత్త పేరుతో పాస్‌పోర్ట్ వచ్చాక అందులోనూ పేరు మార్పించండి, లేకపోతే ఇండియా ప్రయాణంలో టెన్షన్.