తెలుగు మాతృభాషగా గలవారు జర్మన్ హల్లులను సరిగా పలకడం ఎలా నేర్చుకోవాలి?

హైదరాబాదులో జర్మన్ ఏ1 (తొలి స్థాయి) తరగతుల్లో చేరాక 'జడ్', 'సిహెచ్', 'ఆర్' అక్షరాల దగ్గర నోరు తిరగడం లేదని, ఇంగ్లీషుతో పోల్చి చెప్పే వివరణలు అక్కరకు రావడం లేదని మీరు రాశారు. కొలోన్ నగరంలో ఉద్యోగం చేస్తూ ఈ భాషను రోజూ వాడుతున్న నా అనుభవంలో, ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు వర్ణమాల నుంచే బయలుదేరడం మేలు.

ముందుగా 'జడ్' సంగతి. జర్మన్‌లో ఇది జకారం కాదు. పాత తెలుగు పుస్తకాల్లో 'ౘ' అని అచ్చువేసిన దంత్య చకారం. చాప, చుక్క అనేటప్పుడు మనం అప్రయత్నంగా పలికేది దీనినే కనుక, రైలుకు వాడే 'ౘూక్' అనే మాట మనకు వెంటనే పట్టుబడుతుంది. చిక్కంతా ఇ, ఎ అచ్చుల ముందు వస్తుంది. తెలుగులో ఆ అచ్చుల ముందు చకారం తనంతట తానే తాలవ్యమవుతుంది, అంటే అంగిలి దగ్గర పలుకుతుంది (చాపలోని చకారం చీమలో వినిపించదు), జర్మన్‌లో మాత్రం దంత్యంగానే నిలుస్తుంది. అందువల్ల పది అనే అర్థమిచ్చే 'ౘేన్' మన నోట 'చేన్' అయిపోతుంది. 'చాప' అన్నప్పుడు నాలుక కొన ఎక్కడ తగులుతుందో గమనించి, దానిని అక్కడి నుంచి కదపకుండా 'ఏ', 'ఈ' చేర్చి పలకడం నాకు బాగా పనిచేసిన సాధన.

విచిత్రమేమిటంటే, 'సిహెచ్' విషయంలో జర్మన్ కూడా దాదాపు ఇదే న్యాయాన్ని పాటిస్తుంది. కాకపోతే మన చకారం తన తరువాతి అచ్చును చూస్తే, అది తన ముందున్న అచ్చును చూస్తుంది. అ, ఒ, ఉ, ఔల తరువాత అది నాలుక వెనుక భాగం నుంచి ఒరుసుకుంటూ వస్తుంది. హైదరాబాదు ఉర్దూలో 'ఖబర్', 'ఖాన్' అనే మాటలు విన్న మీకు ఇది కొత్త కాదు. ఇ, ఎల తరువాతా, న, ల, ర హల్లుల తరువాతా వచ్చే మృదువైన ధ్వనికి మాత్రం తెలుగులో అక్షరం లేదు. 'బాహ్యం' అనే మాటలోని 'హ్య' దగ్గర ఆగి, గొంతులో నాదం లేకుండా గాలిని మాత్రమే సాగదీస్తే అది వస్తుంది. పుస్తకం 'బూఖ్', బహువచనంలో అచ్చు మారగానే హల్లు కూడా ఈ మృదువైన ధ్వనిగా మారిపోతుంది. దీనికి బదులు శకారం పలికితే చర్చి అనే మాట చెర్రీ పండుగా మారుతుందని పాఠాల్లో హెచ్చరిస్తారు. నిజమే కానీ, మా కొలోన్ చుట్టుపక్కల స్థానికులే ఆ రెండింటినీ ఒకేలా పలకడం తరచుగా వింటుంటాను. పరీక్షకు వెళ్లేవారు వారిని అనుకరించకపోవడం మంచిది.

ఇంగ్లీషు అలవాటు ఎక్కువ చెడుపు చేసేది 'టి' అక్షరం దగ్గర. మనం దానిని 'ట'గా రాసుకుంటాం కనుక నాలుకను వెనక్కి మడుస్తాం. జర్మన్‌లో నాలుక ముందుకు ఉండి, మాట మొదట్లో గాలి ఒత్తు కూడా తోడవుతుంది కనుక మన 'థ' దానికి దగ్గర. పగలు అనే మాట 'టాగ్' కాదు, 'థాక్'. చివరి గకారం కకారం కావడమూ నియమమే: మాట చివర గ, ద, బ వస్తే క, త, ప అవుతాయి. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడిన మనం అక్కడ చిన్న ఉకారం చేర్చేస్తాం. అప్పుడు ఈ మార్పుకు చోటే ఉండదు. హల్లు దగ్గరే మాట తెగిపోవాలి.

'డబ్ల్యు'కు పై పళ్లు కింది పెదవిని తాకేలా వకారం పలికితే చాలు.

ఇక 'ఆర్' గురించి అంత దిగులు అక్కరలేదు. కొండనాలుక దగ్గర పలికే రకారం నేడు జర్మనీలో ఎక్కువగా వినిపించినా, బవేరియాలోనూ ఆస్ట్రియాలోనూ నాలుక కొనతో పలికేవారు ఎందరో ఉన్నారు. 1898లో జర్మన్ భాషావేత్త థియోడోర్ జీబ్స్ రంగస్థలానికి కూర్చిన ఉచ్చారణ నియమాల్లోనూ నాలుక కొన రకారమే ప్రామాణికం. కాబట్టి మన 'ర'తో నిస్సంకోచంగా మాట్లాడండి. అయితే మాట చివర వచ్చే 'ఇ', 'ఆర్' (er) అక్షరాల జంటలో మాత్రం రకారం వినిపించకూడదు. తండ్రిని 'ఫాతర్' అనకుండా 'ఫాత' అన్నట్టుగా ముగించాలి.