పల్లి చెల్కలో మంట పెట్టే ముందు

అచ్చంపేట

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన సెన్సార్ పెట్టెల ఫొటోలు చూశాను. అడవిలో అగ్గి పుడితే వైర్లు లేకుండానే కబురు పంపే పెట్టె మన పిల్ల చేస్తోందంటే ఎంత సంబరమైందో! ముప్పై ఏళ్లు నల్లమలలో ఎండాకాలాలు గడిపినవాణ్ని. పొగ మా కంట పడేసరికే మంట గుట్టెక్కేది. ఇప్పుడు ఉపగ్రహాలు చెబుతున్నాయి, నిజమే. కానీ ఉపగ్రహాల మీదుండే మోడిస్ అనే పరికరం తీసే చిత్రంలో ఒక చుక్క అంటే కిలోమీటరు మేర నేల, వీర్స్ అనే ఇంకో పరికరంలో 375 మీటర్లు. పైగా అవి మన నెత్తి మీదుగా పోయినప్పుడే చూస్తాయి. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేలోపు ఆకుల్లో పాకే చిన్న మంటను పట్టుకోవాల్సింది నీ పెట్టే.

పరీక్ష మన్ననూరు పక్కన అడవిలో చేద్దామన్నావు. వద్దు బిడ్డా. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. ఫిబ్రవరిలో టేకాకు రాలి కాలు పెడితే చీలమండ మునుగుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మన పల్లి చెల్కలోనే చెయ్యి. పల్లి పీకాక ఎర్రమట్టి తప్ప ఏముంటుంది? చుట్టూ ట్రాక్టర్‌తో రెండు సాళ్లు దున్నించు, గట్టు మీది బోద గడ్డి కోయించు. రేంజ్ ఆఫీసులో, ఫైర్ స్టేషన్‌లో, పంచాయతీలో ముందే రాసిచ్చి, వాళ్లు సరేనన్నాకే మంట సంగతి. లేకుంటే పొగ చూసి ఎవరో 101కి ఫోన్ చేస్తారు. ఫైరింజన్ మన చెల్కకు వచ్చిన గంటలోనే ఇంకెక్కడో ఇల్లు కాలుతుంటే ఎలా?

నేను అటవీ శాఖ సర్వీసులో ఉండగా ఒక కంపెనీవాళ్లు ఇలాంటి పెట్టెలే తెచ్చారు. ఒక చెట్టుకు కట్టి, కిందనే ఎండుగడ్డి కుప్పేసి అంటించారు. మోగింది, అందరం చప్పట్లు కొట్టాం. ఎంత గడ్డి వేశారు, గాలి ఎటుంది, ఎన్ని నిమిషాలకు మోగింది, ఎవరూ రాయలేదు. ఆ ఎండాకాలమే అవి బీడీ పొగకు మోగాయి, గుట్ట వెనక మంటకు మోగలేదు. తర్వాత మా వాచర్లు వాటిని పట్టించుకోవడం మానేశారు.

నువ్వు పెట్టే మంట ఎంతో నీకు ముందే తెలిసి ఉండాలి. ఎండు టేకాకు రెండు కిలోలు కాటా మీద తూచి, కోసిన ఇనుప డ్రమ్ములో వేసి అంటించు. బోద గడ్డికి విడిగా, మంచుకు తడిసిన ఆకుకు విడిగా. ఒక్కోటి కనీసం మూడుసార్లు. పెట్టెలు నాలుగు దిక్కులా పది, ముప్పై, అరవై మీటర్లలో కట్టు. కర్రకు రిబ్బన్ కట్టుకో, చేతిలో పట్టుకునే గాలి మీటరు దొరికితే ఇంకా మంచిది. పొగ గాలివాటునే పోతుంది, ఎదురు దిక్కున పది మీటర్లలోని పెట్టె కూడా పలకకపోవచ్చు. అది కూడా రాసుకోవాల్సిందే. తెల్లవారుజామున చల్లదనానికి పొగ నేలకు అతుక్కుని పాకుతుంది, మధ్యాహ్నం నిట్టనిలువుగా లేస్తుంది. రెండు పూటలా చేయకపోతే సగమే చేసినట్టు. కొత్త గ్యాస్ సెన్సార్లకు ఒకటి రెండు రోజులు ముందే కరెంటు ఇచ్చి ఉంచు, రీడింగ్ నిలకడగా ఉంటుంది.

స్క్రీన్ చూసే మనిషి చెల్కలో ఉండకూడదు. మీ తమ్ముణ్ని ఇంట్లో కూర్చోబెట్టు. మంట ఎప్పుడో వాడికి తెలియొద్దు. చీటీలు రాసి తీయి, కొన్నిటి మీద 'మంట లేదు' అని ఉండాలి. అందరి గడియారాలూ ఒక్కటిగా పెట్టుకోండి.

ఇక ఇప్పపువ్వు సంగతి. మార్చిలో పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు ఊడ్చి కాలుస్తారు, నేల శుభ్రంగా ఉంటే పువ్వు కనబడుతుందని. చాలాసార్లు అడవికి అగ్గి అక్కడి నుంచే పాకుతుంది. ఆ చిన్న మంటకు నీ పెట్టె మోగాలా, వద్దా? పరీక్షకు ముందే కాగితం మీద రాసుకో, ఫలితం చూశాక కాదు. నాకైతే మోగాలనే ఉంది. చెంచు వాచర్లను కూడా అడుగు, ఏ పొగ ఏమిటో దూరం నుంచే చెప్పగలరు. కట్టెల పొయ్యి, ట్రాక్టర్ పొగ, దుమ్ము, ఇవన్నీ కూడా పెట్టె ముందుకు తెచ్చి చూడు.

సిగ్నల్ పరీక్ష వేరే రోజు పెట్టుకో. మీ రేడియో వాడే 865–867 మెగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదన్నావు, మంచిదే. కానీ చదును చెల్కలో అందినంత దూరం లోయలో అందదు. అనుమతి తీసుకుని, నిప్పు లేకుండా, పెట్టెలు మాత్రమే పట్టుకుని అడవిలో నడువు. వానాకాలం ఆకు దట్టంగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి.

చివరగా నా తప్పు ఒకటి చెబుతాను. ఒక జనవరిలో ఫైర్ లైన్, అంటే మంట అవతలికి దాటకుండా ముందే గడ్డి కాల్చి ఉంచే పట్టీ, కాల్పించి, పొద్దుగూకేసరికి పొగ లేదని అందరినీ ఇళ్లకు పంపాను. గట్టు పక్కన ఎండిన మోడు ఒకటుంది. పైకి బూడిదే, లోపల వేరు మట్టి కింద రాజుకుంటూనే ఉంది. రాత్రి గాలి లేచింది. తెల్లవారేసరికి అవతలి గుట్ట బోదంతా నల్లగా కాలిపోయింది. ఆ మోడును కాలితో తన్ని చూసినా తెలిసేది. నీళ్లు పోసి, పారతో తిరగేసి, మళ్లీ నీళ్లు పోసి, చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఆరనట్టే.

కాటా మనింట్లో ఉంది. వాటర్ ట్యాంకర్ నేను మాట్లాడతాను. పల్లి పీకడం అయ్యాక తేదీ చూసుకుని ఫోన్ చెయ్యి. ఆ రాత్రి మంచం చెల్కలోనే వేయిస్తాను, తెల్లారి బూడిద ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దనాయన