ఇంట్లో ట్రైనర్ మీద సైకిల్ పోటీ: బరువులు వేరైతే గెలుపు ఎవరిది?

హనుమకొండ ఎండలకు బయట తొక్కలేక నలుగురం ఎవరింట్లో వాళ్లం స్మార్ట్ ట్రైనర్ మీద తొక్కుతున్నాం, పోటీ న్యాయంగా ఎలా పెట్టుకోవాలి అని ఒకరు అడిగారు. స్మార్ట్ ట్రైనర్ అంటే సైకిల్‌ను బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు; తొక్కే శక్తిని వాట్లలో కొలుస్తుంది, యాప్‌లో ఎత్తు దారి వస్తే తొక్కడం కష్టం చేస్తుంది.

వాట్లు ఒక్కటే చూస్తే గొడవే. ముందు అందరూ ఒక టెస్ట్ చేయండి: వార్మప్ అయ్యాక 20 నిమిషాలు చేతనైనంత గట్టిగా తొక్కాలి. సగటు వాట్లలో 95 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటారు, సుమారు గంటసేపు నిలబెట్టుకోగల శక్తి అన్నమాట. దాన్ని బరువుతో భాగించండి. 60 కిలోల మనిషికి 180 వాట్లు వస్తే కిలోకు 3. 80 కిలోలాయనకు 220 వచ్చినా 2.75 మాత్రమే. ఎత్తు ఎక్కేటప్పుడు బక్కాయనే ముందుంటాడు. చదును దారిలో అడ్డుపడేది ఎక్కువగా గాలే కాబట్టి అక్కడ మొత్తం వాట్లు ఎక్కువున్న లావాయనది పైచేయి. అందుకే ఒక వారం ఎత్తు, ఒక వారం చదును పెట్టుకోండి. (బరువు మాత్రం అందరి ముందే తూయండి, తగ్గించి చెప్పేవాళ్లు ప్రతి గ్యాంగ్‌లో ఉంటారు.)

ఇంకో తిరకాసు ఫ్యాన్. గదిలో ఎదురుగాలి ఉండదు, చెమట ఆరదు, అదే వాట్లకు గుండె వేగం పెరుగుతుంది. మే నెలలో నేను సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేసుకుని తొక్కితే పావుగంటకే సైకిల్ కింద మడుగు కట్టింది. టేబుల్ ఫ్యాన్ ఛాతీకి ఎదురుగా పెట్టండి. కూలర్ వేస్తే కిటికీ తెరిచి ఉంచండి, లేదంటే గది ఉక్కపోస్తుంది.