వాల్వ్ మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వకు

బుజ్జమ్మా,

మొన్న బరంపురం వెళ్తే మీ అమ్మ చెప్పింది, వచ్చే నెల నువ్వు అండమాన్‌లో హేవ్‌లాక్ దీవికి వెళ్ళి స్కూబా డైవింగ్ కోర్సు చేస్తున్నావని. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ కూడా సొంతంగా కొనుక్కున్నావట. బస్సెక్కి గోపాల్‌పూర్‌లో దిగేదాకా నాకు అదే ధ్యాస. ఒడియావాళ్ళు నోలియాలు అని పిలిచే మన ఇళ్ళలో ఆడవాళ్ళు నెత్తిన చేపల గంపలు పెట్టుకుని ఊరూరా తిరిగారు గానీ, సముద్రం అడుగు చూసిన మనిషి ఒక్కతీ లేదు. నువ్వు చూడబోతున్నావు. అది తల్చుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళు నీళ్ళకింద పనిచేసిన పెదనాన్న ఇంట్లో ఉండగా, ఒక్క మాట అడక్కుండా డబ్బు కట్టేస్తావా? నాకు కోపం వచ్చింది. ఆ కోపం తగ్గాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అక్కడ నేర్పేవాళ్ళు ఎలాగూ చెప్పేవి కొన్ని ఉన్నాయి. నీళ్ళల్లో ఊపిరి ఎప్పుడూ బిగపట్టకు. నొప్పి పుట్టకముందే ముక్కు మూసి చెవులు సర్దుకో. జలుబు చేస్తే దిగకు, డబ్బు పోతే పోయింది. పైకి నెమ్మదిగా రా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగు. సిలిండర్‌లో ఇంకా 50 బార్ ఒత్తిడితో గాలి ఉండగానే పైకి వచ్చేసి ఉండాలి. ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, టికెట్ ఏ రోజుకు తీసుకున్నావో ఇప్పుడే చూసుకో.

సామాను బిగించేటప్పుడు తొందర వద్దు. సిలిండర్‌కి జాకెట్ కట్టే పట్టీని ముందు తడుపు. పొడిగా బిగిస్తే నీళ్ళల్లో సాగి సిలిండర్ కిందికి జారుతుంది. వాల్వ్ మూతిలో ఉండే ఓ-రింగ్, అంటే ఆ రబ్బరు చుట్ట, చీలిందేమో, ఇసుక పట్టిందేమో కళ్ళతో చూసి వేలితో కూడా తడుము. రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది, జాకెట్‌లోకి గాలి పంపేది ఎడమవైపు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపించే గేజ్ ముఖం నీ మొహం వైపు లేకుండా పక్కకు తిప్పి పట్టుకుని, అప్పుడు వాల్వ్ నెమ్మదిగా తెరువు.

ఈ వాల్వ్ గురించి చెప్పడానికే ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్నకు కూడా నేనిది చెప్పలేదు.

1991లో ఒక రేవు బయట తెగిపోయిన లంగరు వెతికే పని పడింది. నాతో ఒక మలయాళీ కుర్రాడు దిగాలి, నాకంటే ఆరేళ్ళు చిన్న. వాల్వ్ పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పాలని అప్పట్లో మాకు నేర్పారు. పాత వాల్వులు చివరిదాకా తెరిచి వదిలేస్తే బిగుసుకుపోయేవి. తర్వాత పట్టుకున్నవాడు మూసి ఉందనుకుని బలంగా తిప్పి పాడుచేసేవాడు. ఆ పావు చుట్టు అందుకోసం. ఆ రోజు కుర్రాడు తన వాల్వ్ తానే తెరుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు. పెద్దవాణ్ణి కదా, ఒకసారి చూద్దామని నేను వెనకనుంచి చెయ్యి వేశాను. కళ్ళతో చూడలేదు. తెరుస్తున్నాననే అనుకుంటూ ఆగేదాకా తిప్పి, అలవాటు ప్రకారం పావు చుట్టు వెనక్కి తెచ్చి, వాడి భుజం తట్టాను. నేను తిప్పింది మూసే వైపు. వాడు ఆ పావు చుట్టు సందుతో నీళ్ళల్లోకి దూకాడు.

పడవ మీద వాడి గేజ్ 200 బార్ చూపించింది. రెండుసార్లు పీల్చాడు, గాలి వచ్చింది. నీళ్ళపైన ఆ సందు సరిపోతుంది తల్లీ. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు, 20 మీటర్లలో మూడింతలు. ఒక్కో ఊపిరికీ సిలిండర్‌లోంచి అన్నింతల గాలి రావాలి. అంత గాలి ఆ సందులోంచి రాదు.

21 మీటర్ల దగ్గర నీళ్ళు బురదగా ఉన్నాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. ఉన్నట్టుండి వాడు నా మీద పడ్డాడు. నా జాకెట్‌కి అదనంగా కట్టుకున్న రెగ్యులేటర్ ఉంది, దాన్నే ఆక్టోపస్ అంటాం. వాడు దాని జోలికి వెళ్ళలేదు, నా నోట్లో ఉన్నదే లాక్కున్నాడు. ఆక్టోపస్ కోసం నేను తడిమితే అది క్లిప్పు ఊడి నా వీపు వెనక్కి పోయింది. దొరికేసరికి నోటినిండా ఉప్పునీళ్ళు. ఒకరి పట్టీ ఒకరం పట్టుకుని పైకి వచ్చేశాం, మధ్యలో ఎక్కడా ఆగలేదు. దేవుడి దయ, ఇద్దరం బతికాం. వాడు పడవలో వెల్లకిలా పడుకుని దగ్గుతుంటే నేను వాడి సిలిండర్ దగ్గరికి వెళ్ళి వాల్వ్ తిప్పి చూశాను. అప్పుడర్థమైంది. రిజిస్టర్‌లో రెగ్యులేటర్ పాడైందని రాశారు, నేను దిద్దించలేదు. వాడితో నిజం చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. వాడు ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆ నెలాఖరుకి పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు.

అందుకని నీ వాల్వ్ నీ చేత్తోనే తెరువు, పూర్తిగా. ఈ రోజుల్లో చాలామంది పావు చుట్టు వద్దనే నేర్పుతున్నారు, అదే మంచిది. తర్వాత రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగు గట్టి ఊపిర్లు పీలుస్తూ గేజ్ ముల్లు చూడు. ముల్లు నిలకడగా ఉండాలి. పీల్చినప్పుడల్లా కిందికి ఊగుతుంటే వాల్వ్ సరిగా తెరుచుకోలేదన్నమాట. మేం ఆ రోజు గేజ్ చూశాం, గాలి పీల్చి చూశాం, రెండూ ఒకేసారి చూడలేదు.

అక్కడ రకరకాల మాటలు వింటావు. కోర్సులో నేర్పేది బడ్డీ పద్ధతి. దిగేముందు జోడీలో ఒకరి సామాను ఒకరు చూడాలి, పసుపురంగు ఆక్టోపస్ అవతలివాళ్ళకు అందేలా గుండె దగ్గర పెట్టుకోవాలి. ఫ్లోరిడా గుహల్లో దిగేవాళ్ళ పద్ధతి వేరు. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు వస్తూ గాలి పంచుకోవాలి కాబట్టి వాళ్ళు ఏడడుగుల గొట్టం వాడతారు. అవతలివాడికి ఇచ్చేది తమ నోట్లోదే, తమ కోసం ఇంకొకటి రబ్బరు తాడుతో మెడకే వేలాడుతుంది. అందరి సామానూ ఒకేలా ఉండాలంటారు. ఇంకొందరు ఎవరినీ నమ్మకుండా చిన్న సిలిండర్ వేరే తీసుకెళ్తారు. నా మనసు గుహలవాళ్ళ వైపే మొగ్గుతుంది. ఊపిరి అందని మనిషి దేనిమీద పడతాడో నాకు తెలుసు కదా. కానీ నువ్వు ఇప్పుడే నేర్చుకుంటున్నావు, వాళ్ళిచ్చిన అమరికతోనే నేర్చుకో. నోట్లోది ఎవరైనా లాక్కుంటే చెయ్యి తిన్నగా ఆక్టోపస్ మీదికి వెళ్ళేలా మాత్రం, కళ్ళు మూసుకుని ఇరవైసార్లు సాధన చెయ్యి. జోడీ మాటకొస్తే, నీ సామాను వాళ్ళను చూడనివ్వు, తిప్పనివ్వకు.

మీ తాతయ్య తెప్ప నీకు గుర్తుండదు. వేటనుంచి రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఎండబెట్టేవాడు, తెల్లవారుజామున మళ్ళీ కట్టేవాడు. నేను తాడు కొస పట్టుకుని నిలబడేవాణ్ణి. నా పెళ్ళయ్యాక కూడా ముడి వెయ్యనివ్వలేదు. నేనంటే నమ్మకం లేదని ఎన్నోసార్లు అలిగాను.

పడవ మీద సాయం చేసే కుర్రాళ్ళుంటారు. ప్రేమతోనే నీ వాల్వ్ మీద చెయ్యి వేస్తారు. మర్యాదకు పోయి ఊరుకోకు. వాళ్ళు చెయ్యి వేస్తే మళ్ళీ మొదటినుంచి చూసుకో, పడవంతా నీ కోసం ఆగినా సరే.

ఇంకొక్క మాట. మొదటి రోజు వాల్వ్ తెరిచి నువ్వు ఊపిరి పీలుస్తున్నప్పుడు ఎవరిచేతనైనా వీడియో తీయించి నాకు పంపు. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదంటారు, ఒడ్డుకు వచ్చాక పంపినా ఫరవాలేదు. నీ మొహం ఎలాగూ చూస్తాను, గేజ్ ముల్లు కూడా కనబడాలి.

మీ పెదనాన్న
గోపాల్‌పూర్