‘నిరీక్షణ’తోనా, ‘ఆశ’తోనా?

సందేహం: మా అమ్మ సమాధి రాయి మీద ‘పునరుత్థాన నిరీక్షణతో’ అని చెక్కించాలనుకున్నాం. నిరీక్షణ అంటే ఎదురుచూపే కదా, ‘ఆశతో’ అంటేనే అందరికీ అర్థమవుతుందని మా తమ్ముడి వాదన. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు చెప్పిన అర్థం సరైనదే. సంస్కృతంలో ‘ఈక్ష’ ధాతువుకు చూడటమని అర్థం. ‘నిరీక్షణ’ తెలుగులో ఎదురుచూపుగా స్థిరపడింది. అయితే తెలుగు బైబిలు ఆ ఎదురుచూపుకు ఒక పూచీ చేర్చింది. ‘ఆశ’కు ఆ పూచీ లేదు.

మా తిరుపతిలో రోజూ కనిపించేదే చూడండి. సర్వదర్శనం టోకెన్ల కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డవారిది ఆశ. దొరకవచ్చు, దొరకకపోవచ్చు. టోకెను చేతికొచ్చి, కొండమీద కంపార్టుమెంటులో పిల్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్న తల్లిది నిరీక్షణ. పిలుపు వస్తుందని ఆమెకు తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. పైగా ఆశకు తెలుగులో ఉన్న చుట్టాలు పేరాశ, దురాశ, అడియాస!

యిర్మీయా 29:11లో మనవారు ‘నిరీక్షణ’ అన్న చోట హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘తిక్వా’. యెహోషువ 2వ అధ్యాయంలో, యెరికో పట్టణంలో ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు అనే స్త్రీ కిటికీకి కట్టిన ఎర్రని తాడుకూ ఇదే మాట. ఆమె ఇంటివారిని కాపాడతామని ఆ వేగులవారు ప్రమాణం చేశారు కనుకనే ఆమె ఆ తాడు కట్టింది. యెరికో కూలినా తన ఇంటివారు బతుకుతారని నమ్మి, దాని పక్కనే ఎదురుచూసింది. ఎప్పుడు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

‘ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు’ అంటుంది రోమా 5:5. అక్కడ ‘ఆశ’ పెట్టి చదవండి, వాక్యం తేలిపోతుంది. ఒకరి మాట నమ్మి నలుగురికీ చెప్పుకున్నాక ఆ మాట తప్పితే తలవంపులు కదా, ఆ సిగ్గు ఇది. ‘వాగ్దానము చేసినవాడు నమ్మదగినవాడు’ అని హెబ్రీ 10:23 చెబుతోంది కాబట్టి విశ్వాసికి ఆ తలవంపులు లేవు. రక్షణ భారమంతా మాట ఇచ్చినవాడిదే. యోహాను 10:28లో యేసు తన గొర్రెలను ఎవడూ తన చేతిలోనుండి అపహరింపడన్నదీ ఇందుకే. మీ అమ్మగారు ఆ చేతిలోనే ఉన్నారని మీరు నమ్ముతున్నారు. దానికి తగిన మాట నిరీక్షణే.

అలాగే చెక్కించండి. కానీ చెక్కేవారికి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ‘పునరుత్థాన’లో త కింద థ వత్తు రావాలి, ధ వత్తు తప్పు. ‘నిరీక్షణ’ చివర ణ, న కాదు. రాయి మీద అక్షరాలు గీశాక, ఉలి పెట్టకముందే ఒకసారి మీరే చదువుకోండి.