పెర్హెంతియన్ దీవి నుంచి కువాలా తహాన్‌కు: 400 రింగిట్లలో ఏ దారి?

ప్రశ్న: నేనూ మా ఆవిడా సెప్టెంబరు మధ్యలో మలేషియా వెళుతున్నాం. ప్రయాణానికి ఇంకా మూడు నెలలుంది. పెర్హెంతియన్ దీవిలో నాలుగు రాత్రులు ఉండి, అక్కడి నుంచి తమన్ నెగారా అడవి అంచున ఉన్న కువాలా తహాన్‌కు వెళ్లి, మిగిలిన రోజులు అక్కడ గడిపి కౌలాలంపూర్‌లో విమానం ఎక్కాలి. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలు లేదు. దీవి నుంచి అడవికి చేరే ఈ ఒక్క మజిలీకి 400 మలేషియా రింగిట్లు పక్కన పెట్టాం. మూడు దారులు చెబుతున్నారు. షేరింగ్ వ్యాన్‌కు మనిషికి 110 రింగిట్లు. మొత్తం కారు మాట్లాడుకుంటే 550. లేదా కోటా భరు వరకు టాక్సీ 80, ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు రైలుకు మనిషికి 25, రైలు దిగాక ఇద్దరికీ కలిపి వ్యాన్ 80. పడవకు రానుపోను టికెట్ ఒకేసారి కొంటాం. రైలే చవక అని నేను, వ్యాన్ మేలని మా ఆవిడ వాదించుకుంటున్నాం. చాలకపోతే అత్యవసర నిధిలోంచి కొంత తీయవచ్చా? నగదు బదులు క్రెడిట్ కార్డు సరిపోతుందా?

జవాబు: ముందుగా పడవ సంగతి తేల్చేద్దాం. రానుపోను టికెట్ కొంటున్నారు కాబట్టి, దీవి నుంచి కువాలా బెసుత్ రేవుకు తిరిగి వచ్చే ఖర్చు మూడు దారులకూ ఒకటే. ఆ సొమ్ము ఇప్పటికే అయిపోయినట్లు లెక్క. అందువల్ల మీ పోలిక కువాలా బెసుత్ రేవులో కాలు పెట్టిన క్షణం నుంచి మొదలై, కువాలా తహాన్‌లో గది తాళం చేతికి వచ్చే క్షణం దాకా ఉండాలి. మీరు మాత్రం రైలు టికెట్‌ను వ్యాన్ టికెట్‌తో పోల్చి, 25కీ 110కీ ఉన్న తేడా చూసి మురిసిపోతున్నారు. ఆ రెండు టికెట్లు ఒకే దూరానికి చెందినవి కావు.

ఇద్దరికీ కలిపి లెక్క వేద్దాం. వ్యాన్‌కు 220 రింగిట్లు. రైలు దారిలో కోటా భరు వరకు టాక్సీ 80, మర్నాడు ఊళ్లోంచి వకాఫ్ భరు స్టేషన్‌కు వెళ్లడానికి ఓ 20, రైలుకు 50, జెరాంతుత్‌లో దిగాక కువాలా తహాన్‌కు 80, మొత్తం 230. రైలు స్టేషన్ కోటా భరు ఊళ్లో లేదని, నది దాటి వకాఫ్ భరుకు వెళ్లాలని మీకు ఎవరూ చెప్పినట్లు లేదు. ఆ 20 రింగిట్లు మీ లెక్కలో కనిపించలేదు. మీరు చవక అనుకున్న దారి వ్యాన్ కంటే పది రింగిట్లు ఎక్కువే పడుతోంది.

కోటా భరులో గది అద్దె కూడా కలపాలి కదా అని మీ ఆవిడ గారు అంటారు. ఇక్కడ ఆమె పక్షాన కూడా పూర్తిగా నిలబడలేను. మీ తిరుగు విమానం తేదీ మారదు కాబట్టి మలేషియాలో మీరు గడిపే రాత్రుల సంఖ్యా మారదు. ఆ రాత్రి కోటా భరులో పడుకోకపోతే కువాలా తహాన్‌లో పడుకుంటారు. గది అద్దె, భోజనం ఎక్కడైనా తప్పవు. కాబట్టి ఆ గది అద్దె అదనపు ఖర్చు కాదు. మీరు నష్టపోయేది అడవిలో ఒక రోజు. అదే తిరుగు తేదీ మీ చేతిలో ఉండి, రైలు కోసం ప్రయాణం ఒక రోజు పొడిగించేవారైతే, ఆ గదీ భోజనమూ నిజంగానే కొత్త ఖర్చయ్యేవి. ప్రయాణపు లెక్కల్లో చాలామంది తడబడేది ఇక్కడే: ఏ రాత్రి అద్దె అదనమో, ఏది ఎలాగూ ఉండేదో విడదీయకుండా అన్నిటినీ కలిపేస్తారు, లేదా అన్నిటినీ వదిలేస్తారు.

అలాగని రైలు వద్దని చెప్పడం లేదు. గెమాస్ నుంచి తుంపత్ దాకా 526 కిలోమీటర్లు సాగే ఆ తూర్పు తీర మార్గం 1931లో పూర్తయింది. గువా ముసాంగ్ సున్నపురాతి కొండల మీదుగా, కువాలా లిపిస్ మీదుగా అడవిలోంచి వెళ్లే ఆ దారిని జనం అడవి రైలు అనే పిలుస్తారు. 2014 డిసెంబరు వరదల్లో వంతెనలు, పట్టాలు కొట్టుకుపోయి, పూర్తిగా కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ కిటికీ పక్కన కూర్చోవడమే మీ కోరికైతే నిస్సంకోచంగా వెళ్లండి. కాకపోతే దాన్ని పొదుపు పద్దులో రాయకండి, విహారపు పద్దులో రాసుకోండి. ఒకే లైను మీద రోజుకు కొద్ది రైళ్లే నడుస్తాయి, మధ్యలో రైలు మారవలసి రావచ్చు, జెరాంతుత్ చేరేసరికి సాయంత్రమైతే కువాలా తహాన్ వ్యాన్ దొరకక ఇంకో రాత్రి అక్కడే ఆగవలసి రావచ్చు. ఆ రెండో రాత్రి కూడా పోతే అడవిలో మీకు మిగిలే సమయం ఎంతో లెక్క చూసుకుని, మలేషియా రైల్వే సంస్థ కేటీఎంబీ వెబ్‌సైటులో ఆ నెల వేళలు సరిచూసుకున్నాకే నిర్ణయించుకోండి.

మొత్తం కారు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఇద్దరికి 330 రింగిట్లు అదనంగా పెట్టేంత సుఖం అందులో లేదు. దీవిలో అదే రోజు అదే దారిన వెళ్లే మరో జంట దొరికితే మాత్రం మనిషికి 137 రింగిట్ల చిల్లర పడుతుంది. వ్యాన్ కంటే 27 రింగిట్లు ఎక్కువే అయినా, మీ వేళకు బయలుదేరి, నచ్చిన చోట ఆగి, నేరుగా బస ముందు దిగవచ్చు. బస యజమానిని అడిగి చూడండి. అలాంటి జంటలు ఎక్కడున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి నా సలహా వ్యాన్. అయితే డబ్బు కట్టే ముందు రెండు సంగతులు అడిగి రాయించుకోండి. మొదటిది, దింపే చోటు. తమన్ నెగారా పహాంగ్, కెలంతాన్, తెరెంగాను అనే మూడు రాష్ట్రాల్లో 4,343 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న అడవి; దానికి ద్వారాలు ఒకటి కంటే ఎక్కువ. కెలంతాన్ వైపు కువాలా కోహ్ ఉంది, పహాంగ్‌లోనే మెరాపోహ్ వైపు మరొకటి ఉంది. మీరు గది తీసుకున్నది కువాలా తహాన్‌లో కాబట్టి రసీదు మీద "తమన్ నెగారా" అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి, "కువాలా తహాన్" అని రాయించండి. కొన్ని ధరలు జెరాంతుత్ వరకే ఉంటాయి. అక్కడి నుంచి గంటకు పైగా దారి మిగిలి ఉంటుంది, ఆ ఖర్చు మళ్లీ మీ మీదే పడుతుంది. రెండోది, మీ పడవ ఆలస్యమైతే అదే టికెట్ మర్నాటి వ్యాన్‌కు చెల్లుతుందా లేదా అన్నది. చెల్లుతుందంటే ఆ మాట కూడా రసీదు మీదే ఉండాలి. పొద్దుటి పడవకే బయలుదేరండి. వ్యాన్ కోసం రేవులో రెండు గంటలు కూర్చోవడం విసుగే గానీ, మధ్యాహ్నం పడవ దిగేసరికి వ్యాన్ వెళ్లిపోయి ఉండటం కంటే నయం.

పడవ నిజంగా ఆలస్యమవుతుందా అని అడగవచ్చు. ఈశాన్య రుతుపవనాలు వచ్చే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీవి దాదాపు మూతపడుతుంది. సెప్టెంబరులో ఆ భయం లేదు, అయినా సముద్రం పోటెత్తిన రోజున పడవవాళ్లు వేళ మార్చడం సహజం. మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది సెలవు రోజు. సెప్టెంబరు 16 మలేషియా దినోత్సవం, దేశమంతటా సెలవు. దానికి అటూ ఇటూ రేవులు, వ్యాన్లు, రైళ్లు నిండిపోతాయి. మీ ప్రయాణపు రోజు ఆ తేదీ పక్కన పడుతుంటే వ్యాన్ సీటు ఇప్పుడే ఖాయం చేసుకోండి, వీలైతే దీవిలో ఒక రాత్రి తగ్గించో పెంచో ఆ రోజును తప్పించండి.

ఇక అత్యవసర నిధి. దాన్ని ముట్టుకోవద్దు. ఉద్యోగం పోయినప్పుడో ఆసుపత్రి పాలైనప్పుడో ఆదుకోవడానికి దాచిన సొమ్ము అది. మూడు నెలల ముందే తెలిసిన ప్రయాణం అత్యవసరం కాదు. దాని బదులు ఈ ప్రయాణానికే చెందిన చిన్న నిల్వ ఒకటి పెట్టుకోండి. వ్యాన్ తప్పిపోయి, టికెట్ చెల్లకుండా పోతే ఏమవుతుందో చూద్దాం. మళ్లీ టికెట్లకు 220, కువాలా బెసుత్‌లో మామూలు గదికి పన్నుతో కలిపి 100 అనుకుందాం, రాత్రి భోజనానికి 30. మొత్తం 350 రింగిట్లు. మీ 400లో వ్యాన్‌కు 220, దారిలో భోజనానికి 40 పోగా 140 మిగులుతుంది. కావలసింది ఇంకా 210. రింగిట్టును గుండ్రంగా 20 రూపాయలనుకుంటే 4,200 రూపాయలు, అంటే మూడు నెలలపాటు నెలకు 1,400. మీరు మార్చుకునే రోజు రేటు వేరుగా ఉంటుంది, ఆ మేరకు సరిచేసుకోండి. ఈ సొమ్మును ఎక్కువ రాబడి ఆశించి షేర్లలోనో ఈక్విటీ ఫండ్లలోనో పెట్టకండి. మూడు నెలల్లో వాడబోయే డబ్బుకు పొదుపు ఖాతా చాలు. కువాలా తహాన్‌లో మొదటి రాత్రి గదిని మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీద తీసుకోండి, దాని ధర కాస్త ఎక్కువైనా సరే. లేకపోతే వ్యాన్ తప్పిన రాత్రికి రెండు ఊళ్లలో అద్దె కట్టినట్లవుతుంది.

పన్ను అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెబుతాను. మలేషియాలో విదేశీ పర్యాటకులు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను కట్టాలి. అది మనిషికి కాదు, గదికి. ఆన్‌లైన్‌లో గదికి మొత్తం డబ్బు కట్టినా ఈ సొమ్మును చాలాచోట్ల బసలో దిగాకే అడుగుతారు. ఏడు రాత్రులుంటే 70 రింగిట్లు, మన డబ్బుల్లో 1,400 రూపాయలు. మీ నిల్వకు నెలకు పక్కన పెట్టమన్న మొత్తంతో సమానం కాబట్టి విడిగా రాసుకోండి.

క్రెడిట్ కార్డు ఒక్కటే చాలదు. పెర్హెంతియన్‌లో ఏటీఎం లేదు, చిన్న బసలు, పడవవాళ్లు నగదే అడుగుతారు. దీవికి కావలసిన నగదు పడవ ఎక్కక ముందే, అడవికి కావలసినది దారిలో జెరాంతుత్ లాంటి పెద్ద ఊళ్లో తీసుకోండి. తెరెంగాను, కెలంతాన్ రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. బ్యాంకు కౌంటరు పని ఉంటే ఆ రోజులకు పెట్టుకోకండి. కువాలా తహాన్‌లో నది దాటించే చిన్న పడవకూ, నీటి మీద తేలే భోజనశాలల్లో టీకీ చిల్లర నోట్లు కావాలి. యాభై రింగిట్ల నోటు చూపిస్తే పడవ నడిపే మనిషి మీ ముఖం వంక చూస్తూ నిలబడతాడు.

నగదు తీసే పద్ధతిలోనే డబ్బు ఎక్కువగా జారిపోతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, కొనుగోళ్లకు ఉండే గడువు దానికి ఉండదు. డెబిట్ కార్డుకు ఆ వడ్డీ బాధ లేదు గానీ, మన బ్యాంకులు విదేశీ మారకం మీద సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు అదనంగా వేసుకుంటాయి, ఆ అదనం మీద 18 శాతం జీఎస్టీ. 3.5 శాతం వేసే కార్డుతో 10,000 రూపాయల విలువైన ఖర్చు చేస్తే 350, దాని మీద జీఎస్టీ 63, వెరసి 413 రూపాయలు మారకానికే పోతాయి. ఏటీఎం రుసుము తీసిన ప్రతిసారీ పడుతుంది కనుక నాలుగుసార్లు కొద్దికొద్దిగా తీయడం కంటే ఒకసారి సరిపడా తీసి, ఇద్దరూ చెరో సగం దాచుకోండి. యంత్రం "రూపాయల్లో చెల్లిస్తారా?" అని అడిగితే వద్దని నొక్కి రింగిట్లలోనే తీసుకోండి. రూపాయల్లో అన్నారంటే మారకపు రేటు మీ బ్యాంకు కాకుండా ఆ యంత్రం నడిపేవాళ్లు నిర్ణయిస్తారు, అది మీకు అనుకూలంగా ఉండటం అరుదు. దుకాణాల్లో కార్డు గీసినప్పుడూ ఇదే వర్తిస్తుంది. ఫారెక్స్ కార్డులో ముందే రింగిట్లు నింపుకుంటే ఈ మారకపు అదనం తగ్గుతుంది, కానీ మీ బ్యాంకు కార్డులో రింగిట్ ఉందో లేదో చూడండి. డాలర్లు నింపి రింగిట్లలో ఖర్చు చేస్తే రెండుసార్లు మారకపు నష్టం.

టీసీఎస్ (అమ్మే సంస్థే మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) గురించి మీరు అడగలేదు గానీ, ఇక్కడి టూర్ సంస్థ ఒకటి ఇదే ప్రయాణాన్ని ప్యాకేజీగా ఇస్తామంటే ఆ ధరలో టీసీఎస్ కలుస్తుందని తెలిసి ఉండాలి. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాకపోతే అప్పటిదాకా మీ సొమ్ము అక్కడ నిలిచిపోతుంది. మీరే సొంతంగా ఏర్పాట్లు చేసుకుని ఫారెక్స్ కార్డు నింపుకుంటే, ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపే మొత్తం 10 లక్షల రూపాయలు దాటనంతవరకు ఆ బాధ ఉండదు.