నోరులేని జీవాల కోసం నోరు తెరిచి అడగండి

పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: జంతు సంరక్షణ కేంద్రానికి విరాళాలు పోగుచేయడం కోసం మారథాన్ పరుగెత్తాలనుకుంటున్నాను. ఇంతకుముందు నాకు పరుగు అలవాటు లేదు. పైగా ఎవరినైనా డబ్బు అడగాలంటే మహా మొహమాటం. ధైర్యం చేసి అడిగితే ఒకరిద్దరు, 'మనుషులకే దిక్కులేనప్పుడు కుక్కలకెందుకు?' అన్నారు. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి చూద్దామమ్మా. మీ మొహమాటాన్ని పెంచుతున్నది అదేననిపిస్తోంది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకాలు వేస్తే వ్యాధి వ్యాప్తికి అడ్డుకట్ట పడుతుంది. వీధికుక్కకు వేసే టీకా ఆ వీధిలో ఆడుకునే పిల్లలకూ రక్షణే. మిమ్మల్ని ప్రశ్నించినవారికి ఈ మాట చెప్పండి, వింటారు.

అయితే మనిషికి లాభం ఉంటేనే జంతువును ఆదుకోవాలన్న వాదనతో నేను ఏకీభవించను. బండి గుద్దడంతో నడుము విరిగి, వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చే కుక్కలకు వైద్యం చేసినదాన్ని. ఆ బాధ తగ్గించడానికి ఇంకో కారణం వెతకాల్సిన పని లేదు. మీరు ఎవరి హక్కునూ లాక్కోవడం లేదు. అడగండి.

ఎలా అడగాలో డొరొతీ బ్రూక్ ఉదంతం బాగా చెబుతుంది. ఆ ఆంగ్ల మహిళ 1930లో కైరో వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడుకుని, యుద్ధం ముగియగానే అక్కడే అమ్మేసిన గుర్రాలు ఎముకల గూళ్లై బరువులు లాగుతూ ఆమెకు కనిపించాయి. 1931లో లండన్‌లోని 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు ఉత్తరం రాశారు. చదివినవారు డబ్బు పంపారు. దానితో మూడేళ్లలో దాదాపు 5,000 గుర్రాలను కొని విడిపించారు. చాలావాటి పరిస్థితి అప్పటికే చేయిదాటిపోయింది. నొప్పి తెలియని మరణం తప్ప వాటికి ఇవ్వగలిగింది లేకపోయింది. 1934లో కైరోలోనే ఆసుపత్రి నెలకొల్పారు. 'బ్రూక్' పేరుతో ఆ సంస్థ ఇవాళ్టికీ గుర్రాలు, గాడిదల కోసం పనిచేస్తోంది. ఆమె పరుగెత్తలేదు, కొండలెక్కలేదు. ఏ జంతువులు, ఎక్కడున్నాయి, వాటికేం కావాలి అన్నది చదివినవారి కళ్లకు కట్టారు.

కాబట్టి ముందు కేంద్రానికి వెళ్లి, ఇప్పుడు అన్నిటికన్నా దేనికి ఇబ్బందిగా ఉందో అడగండి. నేను పనిచేసిన చోట వైద్యంతోపాటు లెక్కల పుస్తకమూ నా చేతిలోనే ఉండేది. ఆ అనుభవంతో చెబుతున్నాను: 'జంతువులకు సాయం చేయండి' అన్న మాటకు తల ఊపేవారు ఎక్కువ, ఇచ్చేవారు తక్కువ. పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకిన కుక్కపిల్లలను విడిగా ఉంచడానికి గది కావాలనీ, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి మిగతా పిల్లల మధ్య ఉంచితే అవీ చనిపోతాయనీ చెబితే, అప్పటిదాకా తల ఊపినవాళ్లే ఎంత పంపమంటారని అడిగారు. అయితే ఒక జాగ్రత్త. గది పేరు చెప్పి తెచ్చిన డబ్బును మేతకు వాడకూడదు. 'మిగిలితే ఇతర వైద్యానికి వినియోగిస్తారు' అన్న వాక్యాన్ని విజ్ఞప్తిలో మొదటే రాయండి.

మొదటి విరాళం మీరే వేయండి. తర్వాత మీకు బాగా దగ్గరివారిని అడగండి. తొలి నలుగురు ఎంత ఇచ్చారో చూసుకునే తర్వాతివారు తమ మొత్తాన్ని నిర్ణయించుకుంటారు. వందమంది ఉన్న గ్రూపులో ఒకే సందేశం పెట్టి ఊరుకోకండి. ఇంకెవరో ఇస్తారులే అని ప్రతివారూ అనుకుంటారు. పేరు పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా రాయండి. పరుగు పూర్తయ్యాక ఆ ఫొటోతో ఇంకోసారి గుర్తుచేయండి. ఇద్దామనుకుని మరచిపోయినవారు అప్పుడు ఇస్తారు.

ఇక మారథాన్. అది 42.195 కిలోమీటర్లు. అలవాటు లేనివారికి నెలల తరబడి శిక్షణ కావాలి. పెద్ద మారథాన్లలో కొన్ని స్థానాలను సేవాసంస్థలు ముందుగానే కొని, కనీసం ఇంత మొత్తం తెస్తామని మాట ఇచ్చినవారికి కేటాయిస్తాయి. ఆ మొత్తం రాకపోతే లోటు మీరు భరించాలో, సంస్థ భరించాలో షరతులు చదివి తెలుసుకోండి. తొలిసారే ఆ భారం తలకెత్తుకోవద్దనే నా సలహా. ఐదు కిలోమీటర్లు చాలు. మీ వాళ్లు దూరాన్ని కొలిచి డబ్బివ్వరు, మీ ముఖం చూసి ఇస్తారు.

అసలు పరుగే అక్కర్లేదు. మా కేంద్రంలో ఒక పిల్లవాడు సెలవుల్లో వచ్చి, మనుషులంటే బెదిరిపోయే కుక్కల గదుల బయట కూర్చుని కథలు చదివేవాడు. చదివిన ప్రతి పుస్తకానికీ బంధువులు ఇంత అని ఇచ్చారు. మూలకు ముడుచుకుని పడుకునే కుక్కలు కొద్దిరోజుల్లో ఆ గొంతుకు అలవాటుపడి తలుపు దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. మనుషుల దగ్గరికి వచ్చే కుక్కకు ఇల్లు దొరకడం తేలిక. విరాళాల కోసం చేసే ఇలాంటి ఛాలెంజ్‌లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ప్రశ్న: నేను దత్తత తీసుకున్న కుక్కను కూడా పది కిలోమీటర్ల పరుగులో వెంట తీసుకువెళ్తే ఎక్కువ విరాళాలు వస్తాయని స్నేహితులు అంటున్నారు. ముగింపులో బెలూన్లు ఎగరేయాలనీ ఉంది.

జవాబు: రెండూ వద్దు బాబూ. కుక్క ప్రధానంగా రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ వీలూ తక్కువే. యజమాని ముందు పరుగెడుతుంటే, అలసిపోయినా ఆగకుండా వెంటపడే కుక్కలు ఎన్నో. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లకుక్కలకు దూరపు పరుగు అసలే పనికిరాదు. చల్లటి పూట చిన్న నడక పెట్టుకోండి. బయలుదేరే ముందు చేతి వెనుకవైపును రోడ్డుకు ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

ఎగిరిన బెలూన్లు ఎక్కడో ఒకచోట పడతాయి. వాటి ముక్కలను తిండి అనుకుని సముద్ర తాబేళ్లు, పక్షులు మింగి చస్తాయి, దారాలు కాళ్లకు చుట్టుకుంటాయి. జంతువుల పేరు చెప్పి చేసే కార్యక్రమంలో అవి కనిపిస్తే నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: బూట్లు, ప్రయాణం ఖర్చులు విరాళాల్లోంచి తీసుకోవచ్చా? గాయమై పరుగు ఆగిపోతే ఆ డబ్బు ఏం చేయాలి?

జవాబు: తీసుకోవద్దు. మీ ఖర్చు మీదే. ప్రయాణ ఖర్చును కూడా విరాళాల్లోనే కలిపే ఛాలెంజ్ అయితే, ఎంత భాగం దానికి పోతుందో దాతలకు ముందే చెప్పాలి. డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకుండా, నేరుగా సంస్థ ఖాతాకే చేరేటట్లు చూడండి. రసీదు వాళ్లే ఇస్తారు. గాయమైతే దాచకండి. జరిగింది రాసి, 'మీ డబ్బు కేంద్రానికే ఉంచమంటారా, వెనక్కి ఇప్పించమంటారా?' అని ప్రతి దాతనూ అడగండి. వెనక్కి కావాలన్నవారి పేర్లు ఆ రోజే సంస్థకు పంపండి. ఆలస్యమై డబ్బు ఖర్చయిపోతే వాళ్లు తిరిగి ఇవ్వడం కష్టం.